ఏమీ కలపని సీసా

తలుపు మూసుకుంది. ఇక గంటసేపు తెరవకూడదు. ఆ నియమం పెట్టిందాన్ని నేనే, నల్లగుడ్డ తెరని రెండు పొరలుగా కుట్టించి తలుపుకి వేలాడదీయించిందాన్నీ నేనే, కాబట్టి ఎవరిమీదా విసుక్కోవడానికి లేదు. బయట పదకొండు గంటల ఎండ కాస్తోంది, కారిడార్‌లో ఎవరో బల్ల ఈడుస్తున్నారు, ఇక్కడ మాత్రం నా చెయ్యి నాకే కనపడదు. నా ఎదురుగా బల్ల మీద, అరచేతిలో పట్టేంత ప్లాస్టిక్ సీసాలో, ఇన్ని సముద్రపు నీళ్లలో, కంటికి ఆనని ప్రాణాలు లక్షల్లో ఉన్నాయి. ఉన్నాయో పోయాయో తేల్చుకోవడానికే ఈ చీకటి. ఒక్కో ప్రాణి ఒకే ఒక్క కణం, వెంట్రుక మందంలో పదో వంతు, ఆకు లేదు, వేరు లేదు, అయినా ఎండ తిని బతికేస్తుంది. వెలుగులోంచి తెచ్చి వెంటనే కొలిస్తే లెక్క తప్పొస్తుంది. ముందు చీకట్లో కూర్చోబెట్టాలి, మింగిన వెలుగంతా అరిగిపోయి లోపలి యంత్రాలు ఖాళీ అవ్వాలి, అప్పుడు ఒక్క మెరుపు మెరిపించి, అందులో ఎంత వాడుకున్నాయో ఎంత తిరిగి కక్కేశాయో చూడాలి. మామూలుగా అరగంట చాలు. ఈరోజు గంట పెట్టాను. జాగ్రత్త కోసం అని రిజిస్టర్లో రాశాను, నిజానికి భయం.

అప్పుడు ఎవరో దగ్గారు.

"మేడం, తలుపేసేశారా?"

సీసాలక్క. మూలనున్న అర దగ్గర వంగి, కడిగిన గొట్టాలు సర్దుతూ ఉండి ఉంటుంది. నేను చూసుకోకుండా తెర లాగేశాను.

"లోపలున్నానని చెప్పొద్దా అక్కా?"

"చెప్పేలోపే చీకటైపోయింది." తనే మళ్లీ, "ఇప్పుడు తెరవకూడదుగా. తెలుసులెండి. ఇక్కడే కూచుంటాను" అంది.

స్టూలు నేలకి రాసుకున్న చప్పుడు. తర్వాత, రెండు ప్లాస్టిక్ సంచుల్లో మూటకట్టి పెట్టిన వంటింటి టైమరు టిక్కుటిక్కుమనడం ఒక్కటే. లోకంలో ఇన్ని గదులుండగా, ఇన్ని గంటలుండగా, ఎవరి ఎదుట పడకూడదని నిన్నటి నుంచీ మెట్లు మార్చి మరీ తిరుగుతున్నానో ఆ మనిషితోనే, ఈ గదిలోనే, ఈ గంటే.

ఇరవై ఆరేళ్లుగా ఈ సంస్థలో సీసాలు కడుగుతోంది కాబట్టి ఆమె సీసాలక్క. అసలు పేరు హాజరుపట్టీలో తప్ప ఎక్కడా కనపడదు. ఇక్కడ సీసా కడగడమంటే అంట్లు తోమడం కాదు. వారం రోజులు సబ్బునీళ్లు, నెల రోజులు యాసిడ్, మళ్లీ పలచని యాసిడ్, ఆపైన శుద్ధి చేసిన నీళ్లతో ఏడుసార్లు, తర్వాత గాలి వడపోసే పెట్టెలో ఆరబెట్టి రెండు సంచుల్లో మూట. ఏడోసారి నీళ్లు పోసేటప్పుడు ఆమె చెవి ఒగ్గి వినేది. చప్పుడులో తేడా తెలుస్తుందనేది, నేను నవ్వేదాన్ని. నేను ఇక్కడికి చదువుకోవడానికి వచ్చిన కొత్తలో "ఏమే పిల్లా, చేతులు కడిగే వచ్చావా?" అని గుమ్మంలోనే ఆపి నా వేళ్లు తిప్పి తిప్పి చూసేది. నేను పెద్ద చదువు పూర్తిచేసి, ఉద్యోగంలో చేరి, ఈ ప్రయోగశాలకే పెద్దనయ్యాక కూడా ఆమెకి పిల్లనే. "ఏమే పిల్లా, తిన్నావా?" నాలుగు నెలలుగా మాత్రం నేను మేడాన్ని. ఎంత మర్యాదగా అంటుందో ఆ మాట, అన్నప్పుడల్లా చెంప చెళ్లుమంటుంది.

అసలు ఈ కడుగుడంతా ఎందుకంటే ఇనుము కోసం. ఇనుము రాకుండా ఉండడం కోసం. పోటీలు జరిగే పెద్ద ఈతకొలనులు ఓ ఏడింటిని నింపి, అన్నిట్లోకీ కలిపి ఒక్క గుండుసూది కరిగించి పంచితే ఎంతో, నడిసముద్రంలో కొన్నిచోట్ల ఇనుము అంతే. మిగతా పోషకాలన్నీ పుష్కలంగా ఉంటాయి, ఎండ ఉంటుంది, వేల మైళ్ల నీళ్లుంటాయి, ఆ ఒక్క గుండుసూది చాలక అక్కడ పచ్చదనం రాదు, నీళ్లు స్వచ్ఛంగా, నీలంగా, చూడ్డానికి ఎంతో అందంగా, ఆకలితో ఉంటాయి. ఆ ఆకలిని సీసాలో పెట్టి చూడాలంటే గదిలో మేకు ఉండకూడదు, జడపిన్ను ఉండకూడదు, గోడకి రంగు పెచ్చు ఊడకూడదు, మనిషి చెమటలో కూడా ఇనుముంటుంది, గోరు సందులో ఉంటుంది. గుమ్మం దగ్గర ఉంగరం, గడియారం, చెవిపోగులు, చివరికి హుక్కులున్న జాకెట్టు కూడా వదిలేసి ప్లాస్టిక్ మనిషినై లోపలికి వస్తాను. సిరాలో ఇనుముంటుందని సీసాల మీద రాయం కూడా. మా తొమ్మిదేళ్ల అమ్మాయి ఓసారి అడిగింది, అవి నిన్ను గుర్తుపడతాయా అమ్మా అని. గుర్తుపట్టవు అన్నాను. మరి ఆదివారం కూడా వాటికోసం ఎందుకెళ్తావు అంది. దానికి సరైన జవాబు నేనింకా వెతుక్కుంటూనే ఉన్నాను.

సీసాల మీద రాయం కాబట్టి గుర్తు మూతల మీద పెట్టాను. అక్కడే పడింది దెబ్బ. అరలో రెండు బుల్లి సీసాలుంటాయి, రెండిట్లోనూ రంగులేని నీళ్లే. ఒకదాంట్లో లెక్క ప్రకారం కరిగించిన ఇనుము, రెండోదాంట్లో ఉత్త నీళ్లు. ఇనుమున్నదాని మూతకి చిన్న గంటు. గంటు సీసాలోంచి పదిరోజులకోసారి ఒక చుక్క అమ్మ సీసాకి వేస్తాం. అన్ని ప్రయోగాలకీ విత్తనం దాంట్లోంచే తీస్తాం కాబట్టి అది అమ్మ సీసా. దాని పక్కనే ఏమీ కలపని సీసా ఒకటి. పోల్చిచూడ్డానికి దానికి ఇనుము వెయ్యం, కానీ న్యాయంగా ఉండాలి కదా, దానికీ ఓ చుక్క ఉత్త నీళ్లు వేస్తాం. అది పాలిపోవాలి, అమ్మ సీసా పచ్చగా ఉండాలి. మూత మీద గుర్తెందుకే పిల్లా, మూతలు మారిపోతాయి, సీసాకే గీత గీయి అని అక్క అప్పుడే అంది. గీతలో దుమ్ము చేరుతుందని ఓ ఉపన్యాసం ఇచ్చి ఆమె మాట చెవిన వేసుకోలేదు.

అయిదు నెలల కిందట వాళ్లమ్మాయి కాన్పుకని అక్క రెండు రోజులు సెలవు పెట్టింది. రెండు రోజులకి కొంపలేమీ మునగవు, ఆమె పని నాకు రాదా అన్న గర్వంతో మూతలు నేనే కడిగాను. మూడు వారాలకి ఏమీ కలపని సీసా పచ్చబడింది. పచ్చబడిందంటే ఎక్కడినుంచో ఇనుము వచ్చిందన్నమాట, వచ్చిందంటే సీసా సరిగా కడగలేదన్నమాట, కడిగిందెవరు? అందరిముందూ అడిగాను. పన్నెండుమంది నిలబడి ఉండగా. కళ్లు కనపడకపోతే చెప్పు అక్కా, వేరే పని చూపిస్తాం అన్నాను. ఆ మాట అన్న నోరు ఇదే, చీకట్లో ఇప్పుడు ఎండిపోయి ఉంది. ఆమె గ్లోవ్స్ విప్పి, రెండూ కలిపి మడిచి, బల్ల మీద పెట్టింది. మర్నాడు సంస్థ పెద్దసారు ఆమెని స్టోరు గదికి మార్చారు. పచ్చబడ్డ సీసాని పనికిరాదని బ్లీచింగ్ పోసి పారబోశాను. అమ్మ సీసా రంగు తగ్గుతూ వస్తుంటే దీపం పాతబడిందేమోనని దీపాన్ని తిట్టి కొత్తది వేయించాను. నన్ను నేను తప్ప అందరినీ అనుమానించాను.

నిన్న ఏడాది తనిఖీకని రెండు బుల్లి సీసాలూ కొలిపించాను. గంటు మూత సీసాలో ఇనుము లేదు, ఉత్త నీళ్లు. రెండోదాంట్లో ఉంది. యంత్రం తప్పన్నాను, మూడుసార్లు కొలిపించాను, మూడోసారికి ఆరోజు మూతలు కడిగిన నా చేతులు గుర్తొచ్చాయి. ఒకే గిన్నె, దాంట్లో తేలుతున్న రెండు మూతలు, పాడుకుంటూ కడుగుతున్న నేను. పారబోసింది బలంగా ఉన్నదాన్ని. దాచుకున్నది ఆకలితో మాడుతున్నదాన్ని, ఇప్పుడు నా ముందున్నది అదే. అయిదు నెలలుగా దానికి పదిరోజులకోసారి ఎంతో ప్రేమగా ఉత్త నీళ్లు పోశాను. మా గురువుగారు ఇరవై రెండేళ్ల కిందట ఒడ్డే కనపడని సముద్రంలోంచి తెచ్చిన విత్తనం అది, ఇంత తక్కువ ఇనుముతో బతికేది ఇంకొకటి మాకు ఎక్కడా దొరకలేదు, ఆవిడ పదవీ విరమణ రోజున నా చేతిలో పెట్టి, దీనికి ఇంకో ఇల్లు లేదమ్మాయ్ అన్నారు. పెద్దసారు దగ్గరికి వెళ్లి, రేపటి కొలతకి గొట్టాల ఆఖరి ఏడు కడుగుళ్లూ సీసాలక్కే చెయ్యాలని అడిగాను. ఎందుకో చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?

టైమరు తిరుగుతోంది. ఎంతసేపైందో తెలియదు. చీకటి అలవాటయ్యాక కళ్లు లేనిపోని రంగులు చూపిస్తాయి, నాకు ఎప్పుడూ ఆకుపచ్చ కనిపిస్తుంది, లేత ఆకుపచ్చ సముద్రం. ఒకప్పుడు నిజంగానే అలా ఉండేదంటారు. రెండు వందల యాభై కోట్ల ఏళ్లకి ముందు, గాలిలో ప్రాణవాయువు లేని రోజుల్లో, ఇనుము నీళ్లలో కరిగి సముద్రమంతా నిండి ఉండేది. కావలసినంత ఇనుము, చెయ్యి చాపితే ఇనుము. అలాంటి రోజుల్లో ఈ సీసాలోవాటి ముత్తాతల ముత్తాతలు ఎండని తినే యంత్రం కనిపెట్టాయి. చేతికందేది ఇనుమే కాబట్టి ప్రతి కీలుకీ ఇనుమే వాడాయి. ఎండ తిన్నాయి, ప్రాణవాయువు వదిలాయి. ఆ వాయువు తగిలిన ఇనుము తుప్పయింది, తుప్పయి అడుక్కి దిగింది, పొర మీద పొర, కోట్ల ఏళ్లు, చివరికి నీళ్లలో ఇనుము లేకుండా పోయింది. తమ ఊపిరితో తామే తమ కంచం ఖాళీ చేసుకున్నాయి, తెలియక. ఆ తుప్పే కొండలైంది, ఆ కొండల్నే తవ్వుకుని మనం మేకులూ రైలుపట్టాలూ చేసుకున్నాం, కారిడార్‌లో ఈడుస్తున్న ఆ బల్ల కాళ్లు కూడా ఎప్పుడో వీటి ఊపిరి తగిలి అడుక్కి దిగిన ఇనుమే. ఆ ఊపిరే ఇప్పుడు ఈ చీకట్లో నేనూ అక్కా చెరోవైపు కూర్చుని పీలుస్తున్నది. ఇది ఎన్నిసార్లు పాఠం చెప్పానో, ఎన్నిసార్లు బోర్డు మీద బొమ్మ గీశానో, ఈరోజు మాత్రం చేతుల మీద వెంట్రుకలు నిక్కబొడుచుకున్నాయి. ఇంత పెద్ద కథ నా అరచేతంత సీసాలో కూర్చుని ఉంది, నేను దానికి అన్నం పెట్టడం మరిచాను.

అంత ఇనుమూ పోయాక ఇవి చచ్చిపోలేదు, అదీ ఆశ్చర్యం. ఎడారి మీద గాలి లేస్తే దుమ్ము పడుతుందని, దాంట్లో రవ్వంత ఇనుముంటుందని, దానికోసం చూస్తూ బతకడం నేర్చుకున్నాయి. ఒళ్లు తగ్గించుకున్నాయి, చిన్న ఇంటికి కొంచెం చాలు కదా. ఇనుప కీలు వాడాల్సిన చోట ఇనుము లేని కీలు బిగించుకున్నాయి, పని కాస్త నెమ్మదిగా సాగుతుంది, అయినా సాగుతుంది. వీటి చుట్టాల్లో ఒకటైతే పగలు వాడిన ఇనుమునే విప్పి రాత్రి ఇంకో పనికి బిగించుకుంటుందని చదివినరోజు నేను అన్నం తినడం మరిచిపోయి మా ఆయనకి చెప్పాను. ఆయన లెక్కల మాస్టారు, పెద్దగా కదిలే మనిషి కాదు, ముద్ద చేతిలోనే పెట్టుకుని ఆగిపోయారు. మెదడు లేదు, కన్ను లేదు, ఎవరూ నేర్పలేదు. లేనిదాని గురించి గొడవ చెయ్యకుండా, ఎవరి మీదా నేరం వెయ్యకుండా. ఇక్కడికొచ్చేసరికి నా ఆలోచన ఆగిపోయింది.

టైమరు మోగాక చెబుదామని కదా నేను అనుకుంటున్నది. బతికి ఉంటే చెప్పొచ్చు, ఆ సంతోషంలో తప్పు కాస్త చిన్నదవుతుంది. చచ్చిపోయి ఉంటే అప్పుడు ఏడుస్తూ చెప్పొచ్చు, ఏడిచేదాన్ని ఎవరూ ఏమీ అనరు. రెండు దారులూ నాకు అనుకూలంగానే సర్దుకున్నాను. ఎంత తెలివి! ఫలితం తెలియకముందే చెప్పాలి, చెబితే.

"అక్కా. మూతలు మార్చింది నేనే."

టిక్కు టిక్కు.

"ఏ మూతలు?"

"ఇనుము సీసా మూతా, నీళ్ల సీసా మూతా. నువ్వు సెలవు పెట్టినప్పుడు నేను కడిగాను. కలిసిపోయాయి. ఆ సీసా పచ్చబడింది నీవల్ల కాదు. దానికి ఇనుము నేనే వేశాను. నిన్న తెలిసింది."

బయట బల్ల ఈడ్చడం మానేశారు.

"మూతలెలా కలుస్తాయి? వేరువేరు గిన్నెల్లో కదా వేస్తాం."

"ఒకే గిన్నెలో వేశాను."

"ఒకే గిన్నెలోనా!" స్టూలు కిర్రుమంది, లేచి నిలబడినట్టుంది. "రెండు మూతలూ ఒకే గిన్నెలో వేశావా? ఎవరైనా వేస్తారా అలా? ఇంత చదువు చదివి, బుద్ధుందా నీకు?"

తిట్టింది. నాలుగు నెలల తర్వాత నన్ను నువ్వు అంది. ఆ తిట్టు పడ్డాక నాకు ఏడుపొచ్చింది, చీకటి కాబట్టి తుడుచుకోకుండా ఊరుకున్నాను.

మళ్లీ కూర్చుంది. ఈసారి గొంతు కిందికి దిగింది. "ఇంటికెళ్లి నా చేతులు నేనే దీపం కింద పెట్టి చూసుకునేదాన్ని తెలుసా? నిజంగానే చూపు పోతోందేమో, చేతులు వట్టిపోయాయేమో అని. స్టోరులో కూచుని కాగితం కట్టలకి తాళ్లు కట్టాను. మా మనవడికి నీళ్లు పోయాలంటే కూడా భయమేసింది, మా అమ్మాయినే పోసుకోమన్నాను."

"తప్పయిపోయింది అక్కా."

"నాకు కాదు. పన్నెండుమంది ముందు అన్నావు. ఆ పన్నెండుమందికీ చెప్పు."

"చెప్తాను."

"ఊరికే అనకు."

"చెప్తాను అక్కా."

టైమరు మోగింది. ఇద్దరం ఉలిక్కిపడ్డాం. చేత్తో తడుముకుంటూ గొట్టం అందుకున్నాను, ఆమె కడిగిన గొట్టం, సీసాలోంచి నాలుగు చుక్కలు వంచి యంత్రంలో పెట్టాను. అంకెల వెలుతురు బయటికి రాకుండా దాని మీద నల్ల దుప్పటి ఉంటుంది, దాని కిందికి తల దూర్చాలి. "నేనూ చూస్తాను" అంటూ ఆమె కూడా తల దూర్చింది. సబ్బు వాసన, ఆమె చెవి నా చెంపకి తగులుతోంది. ఆరోగ్యంగా ఉన్నవి వందకి అరవై పైన చూపిస్తాయి. ఆకలిగా ఉంటే ముప్పై, పాతిక. పోయినవి సున్నా. బొత్తాం నొక్కాను. ఒక్క నీలిమెరుపు.

పదిహేడు.

నమ్మక మళ్లీ నొక్కాను. పదిహేడు. మూడోసారి పద్దెనిమిది.

"బతికున్నాయా?"

"ఉన్నాయి. ఉన్నాయి అక్కా."

దుప్పటి కిందే నీలం టార్చి తీసి, సీసా మీద వేసి, ఎర్ర అద్దం ఆమె కళ్లకి అడ్డం పెట్టాను. ఇరవై ఆరేళ్లు వీటి ఇళ్లు కడిగింది గానీ వీటిని ఎప్పుడూ చూడలేదు. ఎవరూ చూపించలేదు, నేనూ చూపించలేదు. సీసా అంతా మసక ఎరుపు, ఆరిపోబోయే బొగ్గంత ఎరుపు, నీళ్లే వెలుగుతున్నాయి. ఆమె ఇంకా దగ్గరికి వంగింది.

"పచ్చగా ఉండాలి కదే? ఎర్రగా ఉన్నాయేంటి?"

"మింగిన వెలుగుని వాడుకోవడానికి ఇనుము చాలదు. మిగిలిందాన్ని ఇలా తిరిగి ఇచ్చేస్తాయి. ఎంత ఆకలిగా ఉంటే అంత ఎర్రగా ఇస్తాయి. సముద్రంలో కూడా అంతే, పైన తిరిగే ఉపగ్రహాలకి కనపడుతుంది."

"ఆకాశంలోకా?"

"ఆకాశంలోకే."

ఆమె చాలాసేపు చూసింది. నేను కూడా, ఎన్ని వేలసార్లో చూసినదాన్ని, మొదటిసారి చూసినట్టు చూశాను. తిండి లేని రోజుల్లో కూడా ఇవి వెలుగుని దాచుకోలేదు.

"మరి అయిదు నెలలు ఉత్త నీళ్లు పోశావుగా," అంది చివరికి. "ఏం తిని బతికాయే ఇవి?"

"ఎంత కడిగినా సీసా గోడకి ఎక్కడో రవ్వంత అంటుకుని ఉంటుంది అక్కా. ఎవరు కడిగినా పూర్తిగా పోదు. దాన్ని తిన్నాయి."

దుప్పటి కదిలింది. నవ్వుతోంది, పొట్ట పట్టుకుని, శబ్దం రాకుండా.

"అంటే ఇప్పటికీ నేను సరిగా కడగలేదనేగా నువ్వంటున్నది!"

నేనూ నవ్వాను, ఏడుస్తున్నానో నవ్వుతున్నానో తెలియకుండా. సీసా చేతిలోకి తీసుకున్నాను, చల్లగా ఉంది, గుర్తుపట్టదు, గుర్తుపట్టక్కర్లేదు. "ఈరోజు ఇనుము చుక్క నువ్వు వెయ్యాలి అక్కా" అన్నాను.

"వేస్తాను. ముందు ఏ సీసాలోంచో సరిగ్గా చూపించు పిల్లా."

లేచి తెర పక్కకి లాగాను. తలుపు తీశాను. పగలు ఒక్కసారిగా మీద పడింది, కళ్లు చిట్లించుకున్నాం. కారిడార్‌లో బల్ల మోసేవాళ్లు ఆగి మావైపు చూశారు, ఎదురు గదిలోవాళ్లు తలలెత్తారు, ఎవరో పెద్దసారు గది తలుపు తీసే ఉంచారు. ఆమె నా వెనకే నిలబడి ఉందని తెలుస్తూనే ఉంది.

"అందరూ ఒకసారి ఇలా రండి," అని గట్టిగా పిలిచాను.